కుళాయి నీరా? సీసా నీరా?

గడచిన ఆగష్టు మాసములో మన పాఠశాల వక్తృత్వ సంఘమువారు "త్రాగుటకు కుళాయి నీరు మేలా, సీసా నీరు మేలా" యను విషయమును గూర్చి వాదసభ నొకదానిని జరిపిరి. అధ్యక్షస్థానము మాకు దక్కినది. కుళాయి పక్షమున నలుగురును, సీసా పక్షమున నలుగురును మాటలాడిరి. ఇరుపక్షములవారును బల్లను గట్టిగనే చరచిరి గాని నీటిని గూర్చి పలికినది కొంచెము. సీసా పక్షమువారు "అది శుద్ధమైనది, ముద్ర గలది, పెద్దలందరు అదియే త్రాగుచున్నారు" అనిరి. కుళాయి పక్షమువారు "అది చౌక, మా తాతలు దానినే త్రాగి బ్రతికిరి" అనిరి. తాతలు బ్రతికిరను వాదము మాకు అంతగా రుచింపలేదు. కలరా వచ్చి బ్రతుకని తాతలను గూర్చి సభలో చెప్పుటకు వారికి మనుమలు లేరు గదా.

తీర్పు చెప్పవలసిన సమయమున ఏడవ తరగతి బాలిక యొకతె వెనుక బల్లనుండి లేచి, "సీసాలోకి రాకముందు ఆ నీళ్లు ఎక్కడివి మాస్టారూ?" అని యడిగినది. సభ నవ్వినది. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఎనమండుగురు వక్తలలో ఒక్కరును వేయని ప్రశ్న అది. ఆ దినమున తీర్పు చెప్పక, పత్రికలో వ్రాసెదమని మాట యిచ్చి సభను ముగించితిమి. ఈ వ్యాసము ఆ బాకీ.

ఆ వాదము ఊరక పుట్టినది కాదని చదువరులకు తెలియును. వానలు మొదలైన నెలలో వసతిగృహపు బాలురు ఐదుగురికి పచ్చకామెర్లు వచ్చినవి. తలిదండ్రుల సంఘమువారు కలవరపడి, పాఠశాలకు ఇరువది లీటర్ల క్యానులు తెప్పింపవలెననియు, అందు నిమిత్తము నెలకు ఒక్కొక్కరివద్ద ముప్పది రూపాయలు వసూలు చేయవలెననియు, చెల్లింపజాలనివారు ఎప్పటివలెనే పెరటి కుళాయివద్ద త్రాగవచ్చుననియు ఒక తీర్మానమును ప్రతిపాదించిరి. వారి యుద్దేశము మంచిదే. బిడ్డకు జబ్బు చేసిన తల్లి ఆలోచించినట్లే వారును ఆలోచించిరి. ఐనను ఆ తీర్మానములోని కడపటి వాక్యము మమ్ములను చాల దినములు బాధించినది. ఏలనో తరువాత చెప్పెదము. మొదట ఆ బాలిక ప్రశ్నను పట్టుకొని పోవుదము.

సీసా నీటిని గూర్చి మేమెరిగిన మిక్కిలి విచారకరమైన కథ 1854 వ సంవత్సరమునాటిది. లండను నగరమున సోహో యను పేటలో బ్రాడ్ వీథియందు ఒక చేతిపంపు ఉండెడిది. దాని నీరు చల్లగా, తేటగా, రుచిగా ఉండునని దూరపు వీథులవారు కూడ వచ్చి పట్టుకొనిపోవుచుండిరి. ఆగష్టు నెల చివర ఆ పేటలో కలరా ప్రబలి పది దినములలో ఐదు వందలకు మించి జనులు మడిసిరి. కలరా చెడు గాలివలన వచ్చునని వైద్యులలో పెక్కుమంది నమ్ముచున్న కాలమది. జాన్ స్నో అను వైద్యుడు మాత్రము అది నీటివలన వచ్చునని తలచి, చనిపోయినవారి యిండ్లకు పోయి, "మీరే నీరు త్రాగిరి?" అని యడుగుచు తిరిగెను. చావులన్నియు ఆ పంపు చుట్టుప్రక్కలనే గుమిగూడి యుండెను. కాని ఒక్క చావు మాత్రము లెక్కకు అందలేదు. కొన్ని మైళ్ల దూరమున, కలరా జాడయే లేని హాంప్‌స్టెడ్ ప్రాంతమున ఒక వృద్ధ వితంతువు అదే వారమున కలరాతో మరణించినది. విచారింపగా తెలిసిన సంగతి యిది: ఆమె పూర్వము బ్రాడ్ వీథిలో కాపురముండినది. ఆ పంపు నీటి రుచిని మరువజాలక, అటనుండి వచ్చు బండిమీద ప్రతిదినమును ఒక పెద్ద సీసాతో ఆ నీటిని తెప్పించుకొనుచుండెను. ఆమెను చూడవచ్చిన అన్నకూతురు కూడ ఆ నీటిని త్రాగి, తన యూరికి పోయి మరణించినది. స్నో పండితునికి ఆ సీసాయే గొప్ప సాక్ష్యమైనది. గాలివలన కలరా వచ్చునట్లయిన, ఆ గాలి ఒక్క యింటికే మైళ్లు నడచి పోవునా?

సెప్టెంబరు 8 వ తేదీన ఆ పంపు పిడిని తీసివేసిరి. తెగులు అప్పటికే తగ్గుముఖము పట్టినదని స్నోయే ఒప్పుకొనెను. ఆ నిజాయితీవలన ఆయనయందు మాకు గౌరవము మరింత పెరుగుచున్నది. తరువాత త్రవ్వి చూడగా, పంపు బావికి మూడడుగుల లోపున ఒక యింటి మలపు గుంట ఉండి, అందలి మురుగు ఇటుకల సందులనుండి బావిలోనికి ఊరుచుండినట్లు బయటపడెను. తేటగా నుండుట వేరు, నిర్దోషముగా నుండుట వేరు.

ఆయనయే ఆ సంవత్సరమున మరియొక పరిశోధన చేసెను. అది పంపు కథవలె పిల్లల పుస్తకములలోనికి ఎక్కలేదు గాని, మా తలంపున దానికంటె గొప్పది. లండను దక్షిణభాగమున రెండు కంపెనీలు ఒకే వీథులలో ప్రక్కప్రక్కనే గొట్టములు వేసి నీరు అమ్ముచుండెను. ఒక కంపెనీ థేమ్సు నదినుండి పట్టణపు మురుగు కలియు చోటనే నీరు తోడుచుండెను. రెండవది 1852 లో తన తోడు స్థలమును పట్టణమునకు పైభాగమునకు మార్చుకొనెను. ఒకే వీథి, ఒకే గాలి, ఒకే విధమైన జనులు, ఒకే విధమైన కుళాయి. కలరా మొదలైన ఏడు వారములలో మొదటి కంపెనీవారి నీరు త్రాగిన పదివేల యిండ్లకు 315 మంది వంతున మరణింపగా, రెండవ కంపెనీవారి యిండ్లకు 37 మంది వంతున మరణించిరి. కుళాయి మంచిదా చెడ్డదా యని ఆ వీథిలో నిలుచుండి వాదించిన యెడల ఏమి ప్రయోజనము? ఏ కుళాయి యని యడుగవలెను. సీసా సంగతియు అంతియే.

నీటి మంచిచెడ్డలు పాత్రను బట్టి యుండవు. అది పుట్టిన చోటినుండి మన పెదవి వరకు నడచిన దారిని బట్టియు, ఆ దారిని కాచువారిని బట్టియు ఉండును. మేము ఈ వ్యాసములో చెప్పదలచినది ఇంతమాత్రమే. ఇక మన యూరి కుళాయి దారిని చూతము.

మనది డెల్టా ప్రాంతము. బావి త్రవ్విన ఉప్పునీరు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు పెరిగిన కొలది ఆ యుప్పు ఇంకను పైకి వచ్చుచున్నది. కావున మనకు కాలువ నీరే గతి. మా చిన్నతనమున కావడితో కాలువ నీరు తెచ్చి కుండలో పోసి, మా తల్లిగారు చిల్లగింజను రాతిమీద అరగదీసి ఆ గంధమును నీటిలో కలిపెడివారు. తెల్లవారునప్పటికి బురద అడుగునకు దిగి, పైన అద్దమువంటి నీరు నిలిచెడిది. మా యింట శాస్త్రపాఠము మొదలైనది ఆ కుండవద్దనే యని చెప్పవచ్చును. చిల్లగింజ బురదను దింపును గాని సూక్ష్మజీవులనన్నిటిని చంపజాలదని మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు పోయిన తరువాత గాని తెలిసికొనలేదు.

పురపాలక సంఘమువారు చేయునదియు ఆ పనియే, పెద్ద యెత్తున. వేసవిలో కాలువలు కట్టివేయుదురు గనుక ముందుగానే మంచినీటి చెరువు నింపి యుంచుదురు. ఆ నీటిలో పటిక కలిపి బురదను దింపి, ఇసుక పరుపులగుండ వడకట్టి, తుదకు క్లోరిన్ కలిపి ఎత్తైన ట్యాంకునకు ఎక్కింతురు. క్లోరిన్ వాసన యనగానే మన బాలురు ముక్కు మూసికొందురు. ఆ వాసనయే కాపరి. వడపోసినప్పుడు పోయిన దోషము మరల దారిలో చేరినయెడల దానిని చంపుటకు క్లోరిన్ కొంత మిగిలి నీటి వెంట నడచి రావలెను. లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాములు మిగిలి యుండవలెనని మన దేశపు ప్రమాణము. ఏ వాసనయు లేని కుళాయి నీటిని చూచి సంతోషించుట కంటె, కాపరి ఏమాయెనని యడుగుట మేలు.

మరి శుద్ధి చేసి పంపిన నీరు దారిలో ఏల చెడును? దీనికి కారణము మన యూళ్లలో నీరు గడియారము చూచి వచ్చుటయే. ఉదయము ఒక గంట, సాయంత్రము ఒక గంట. మిగిలిన వేళలందు గొట్టము ఖాళీ. ఇంకు ఫిల్లరు రబ్బరును నొక్కి విడిచినయెడల సిరా లోనికి పీల్చబడుట మీరెరుగుదురు గదా. నీరు నిలిచిపోయి గొట్టములో ఒత్తిడి తగ్గినప్పుడు అదియే జరుగును. గొట్టములో ఎచటనైనను చీలిక యుండి, దాని ప్రక్కనే మురుగు కాలువ పారుచున్న యెడల, ఆ మురుగును గొట్టము లోనికి పీల్చుకొనును. మరల నీరు విడువగానే మొదటి బిందెలోనికి వచ్చునది అదియే. కొందరు గృహస్థులు కుళాయికి మోటారు తగిలించి లాగుచున్నారు. వారు తమ వాటాకు మించిన నీటిని మాత్రమే గాక పొరుగువారి మురుగును కూడ లాగుచున్నారని ఎరుగరు కాబోలు.

ఇరువది నాలుగు గంటలు నీరు నిండుగ నుండు గొట్టములో ఒత్తిడి లోపలినుండి బయటికే త్రోయును. చీలిక యున్నను నీరు కారునే గాని మురుగు చొరజాలదు. ఒడిస్సా రాష్ట్రమున పూరీ పట్టణమువారు ఈ సూత్రమునే పట్టుకొని, 2021 జూలై 26 వ తేదీనుండి రేయింబవళ్లు కుళాయినుండి నేరుగా త్రాగదగిన నీటిని ఇచ్చుటకు పూనుకొనిరి. మన దేశమున ఇట్లు చేసిన మొదటి పట్టణము అదియే. యాత్రికులు త్రాగుటకు వీథులలో కుళాయిలు పెట్టిరి. ధనిక దేశములకే చెల్లునని మనవారు అనుకొను పని మన పొరుగు రాష్ట్రమున జరిగినది. హైదరాబాదు వారును ఒకప్పుడు తమ కుళాయిని చూచి గర్వించినవారే. 1908 నాటి మూసీ వరద తరువాత కట్టి 1920 లో ముగించిన ఉస్మాన్ సాగరునకు గండిపేట చెరువని పేరు. గండిపేట నీరు త్రాగినవాడు ఆ నగరమును విడిచిపోడని అచటివారు చెప్పుకొనెడివారు. ఒక యూరివారు తమ కుళాయి నీటిని గూర్చి సామెత కట్టుకొనిరనగా ఆ నీటిని ఎంత ప్రేమించిరో చూడుడు. ఈ దినములలో క్యాను నీటిని గూర్చి ఎవరును సామెత కట్టినట్లు మేము వినలేదు.

ఇక సీసా దారి. రైలులో "బిస్లరీ బిస్లరీ" యని అరచుచు ఏ కంపెనీ సీసానైనను అమ్మువానిని మీరందరు చూచియుందురు. ఆ పేరు ఇటలీ దేశపు మనుష్యునిది. 1965 లో బొంబాయిలో ఆ పేరుతో నీటి సీసాలు వెలసినవి. 1969 లో పార్లేవారు ఆ వ్యాపారమును కొనిరి. సీసా నీటినంతయు మనవారు "మినరల్ వాటర్" అందురు గాని అందులో చాల భాగము అది కాదు. కొండ ఊటనుండి పట్టి, దాని సహజ లవణములతోనే నింపునది ఖనిజ జలము. అది అరుదు, వెల హెచ్చు. మనము సాధారణముగా కొనునది బోరు నీటినో, కాలువ నీటినో, ఒక్కొక్కప్పుడు పురపాలక సంఘపు నీటినో తెచ్చి ఇసుకగుండను, బొగ్గుగుండను, సన్నని పొరగుండను వడకట్టి, ఓజోను వాయువుతోనో, కంటికి కనబడని కిరణములతోనో సూక్ష్మజీవులను చంపి నింపిన నీరు. రెండింటికి మన దేశమున ప్రమాణములు వేరు. వెనుక బల్ల బాలిక యడిగిన ప్రశ్నకు ఇదియే ప్రత్యుత్తరము: సీసాలోనికి రాకముందు ఆ నీరు తరచుగ మన పొరుగు నీరే.

శుద్ధిచేయుట మంచిపనియే, మేము దానిని నిందింపము. కాని శుద్ధియను పనిలోను తప్పులుండును. 1990 లో ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధమైన పెరియే నీటిలో బెంజీను అను విషపదార్థము కనబడగా, ఆ కంపెనీవారు లోకమంతటినుండి పదునారు కోట్ల సీసాలను వెనుకకు తీసికొనిరి. 2003 లో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రమువారు మన దేశపు సీసాలను పరీక్షించి, వానిలో పురుగుమందుల యవశేషములున్నవని ప్రకటించిరి. ఆ గందరగోళమువలననే మన ప్రమాణములు కఠినమైనవి. అన్నిటికంటె పాఠము చెప్పదగినది 2004 నాటి ఇంగ్లండు సంగతి. దసానీ యను పేరుగల నీటిని కోకాకోలా కంపెనీవారు లండను సమీపమున కుళాయి నీటిని శుద్ధిచేసి అమ్మజూచిరి. రుచి నిమిత్తము కలిపిన లవణములో బ్రోమైడు కొంచెము కలదు. ఓజోను దానిని తాకగా బ్రోమేటు అయినది. అది మితిమీరి యుండుటచే ఐదు లక్షల సీసాల వరకు వెనుకకు తీసికొనవలసి వచ్చెను. ఆ దేశపు కుళాయిలో మితిలోపలనే యున్న నీరు సీసాలోనికి పోయి మితి దాటినది!

మరియొక సంగతి సీసాను గూర్చినది. ప్లాస్టిక్ నుండి కంటికి కనబడని రేణువులు నీటిలో రాలుచున్నవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 2024 లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమువారు క్రొత్త యంత్రముతో లెక్కింపగా, అచటి సీసాల నీటిలో లీటరునకు సగటున 2,40,000 రేణువులు కనబడినవి. కుళాయి నీటిలోను ఇట్టి రేణువులున్నవి. వానివలన కీడు ఎంతయో తేల్చుటకు ఇంకను పరిశోధన కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019 లో చెప్పిరి. కావున దీనిని చూపి ఎవరిని భయపెట్టుట మా యభిమతము కాదు. ఎండలో లారీపై మూడు దినములు మాడిన సీసాను చల్లని పెట్టెలో పెట్టినంత మాత్రమున అది క్రొత్తది కాదని మాత్రము చెప్పెదము.

వెల సంగతి లెక్కల మాస్టరుగారికి విడువవచ్చును గాని ఒక్క లెక్క చేసెదము. అంగడిలో లీటరు సీసా ఇరువది రూపాయలనుకొందము. ఇరువది లీటర్ల క్యాను ఇరువది రూపాయలనుకొన్నచో లీటరు ఒక రూపాయి. కుళాయి నీటికి వేయి లీటర్లకు పది రూపాయలు చెల్లించుచున్నామనుకొన్నను లీటరు ఒక పైస. పైసకు రెండువేల పైసలు! ఆ మిగిలిన వేయిన్ని తొమ్మిదివందల తొంబది తొమ్మిది పైసలు నీటికి కాదు, సీసాకు, లారీకి, ప్రకటనకు.

ఇంత చెప్పి సీసాను పారవేయుడని మేము అనుటలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు, మేడల మీద చిక్కిన జనులకు పడవలతోను, ఆకాశమార్గమునను పంపిన నీటి సీసాలే ప్రాణము నిలిపినవి. అమెరికా వంటి సంపన్న దేశమున ఫ్లింటు నగరమువారు ఖర్చు తగ్గించుటకై 2014 లో తమ నీటి మూలమును మార్చగా, ఆ నీరు పాత గొట్టముల సీసమును కరిగించి పిల్లల రక్తములోనికి చేర్చినది. ఆ తల్లులకు కుళాయిని విశ్వసింపుమని ఎవరు చెప్పగలరు? ఇక ఫ్లోరైడు ఊళ్లు ఉన్నవి. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలో బావినీటి ఫ్లోరైడువలన వెన్ను వంగి, కీళ్లు బిగిసిన జనులను గూర్చి వైద్యులు 1937 లోనే వ్రాసిరి. నల్లగొండ ప్రాంతపు బాధ అందరెరిగినదే. పటిక, సున్నము, బ్లీచింగు పౌడరులతో ఫ్లోరైడును తగ్గించు ఉపాయమునకు "నల్లగొండ పద్ధతి" యని లోకమంతట పేరు నిలిచినది. ఆ పేరు ఆ జిల్లాకు కీర్తియో బాధయో చెప్పలేము. బాలబాలికలారా, ఇచట ఒక్క మాట గట్టిగ జ్ఞాపకముంచుకొనుడు: నీటిని కాచినయెడల సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు పోదు; నీరు ఇగిరిన కొలది అది చిక్కనగును. అట్టి యూళ్లలో శుద్ధియంత్రపు నీరు విలాసము కాదు, అవసరము. ఐనను ఆ జిల్లాకు పెద్ద యెత్తున తలపెట్టిన మార్గము ఏది? 2016 ఆగష్టులో తెలంగాణమున ప్రారంభించిన మిషన్ భగీరథ, అనగా కృష్ణా గోదావరుల నీటిని శుద్ధిచేసి గొట్టముల ద్వారా ఇంటింటికి పంపుట. మరల కుళాయియే.

ఇక మన పాఠశాల సంగతి. సభ ముగిసిన వారమున తొమ్మిదవ తరగతివారితో ఒక పరీక్ష చేయించితిమి. గ్వాలియరునందలి మన దేశ శాస్త్రజ్ఞులు మువ్వురు 1982 లో ప్రకటించిన సులభమైన పరీక్ష అది. మందు పూసిన కాగితమున్న చిన్న సీసాలో నీరు పోసి, ఒకటి రెండు దినములు వెచ్చని చోట నుంచవలెను. మలము నుండి వచ్చు సూక్ష్మజీవులున్న యెడల అవి గంధకపు వాయువును విడుచును. అది మందులోని యినుముతో కలిసి నీరు నల్లబడును. ఫ్లోరైడును గాని, సీసమును గాని ఇది తెలుపదు. నలుపు రానంతమాత్రమున సర్వము మంచిదని కాదు. నలుపు వచ్చినచో మాత్రము ఆగవలెను.

ఆరు సీసాలు నింపితిమి. మొదటిది వీథి గుమ్మమువద్ద పురపాలక సంఘపు గొట్టమునుండి పట్టినది. రెండవది పిల్లలు త్రాగు పెరటి కుళాయిది. మూడవది ఉపాధ్యాయుల గదిలో అప్పుడే మూత తీసిన క్యానుది. నాలుగవది అదే గదిలో మూడు దినములుగ గ్లాసు ముంచి తోడుకొనుచున్న క్యానుది. ఐదవది అంగడిలో కొన్న సీసాది. ఆరవది ఒక బాలుడు ఇంటినుండి తెచ్చుకొను ప్లాస్టిక్ సీసాది. వాని పేరు అడుగవలదు. మరునాటి మధ్యాహ్నమునకు పెరటి కుళాయి సీసా కాటుకవలె నల్లబడినది. రెండవనాటికి గ్లాసు ముంచిన క్యాను నీరును, ఆ బాలుని సీసా నీరును నల్లబడినవి. వీథి గొట్టపు నీరు, క్రొత్త క్యాను నీరు, అంగడి సీసా నీరు తేటగనే యుండెను. క్యాను నీటిలో క్లోరిన్ కాపరి లేడు. తెచ్చినప్పుడు మంచిదే యైనను ఒక చేయి తగిలినచో దానిని కాపాడువారు లేరు.

పురపాలక సంఘము మన గుమ్మము వరకు మంచినీటినే తెచ్చి విడిచినది. గుమ్మమునుండి పెరటి వరకు, నూరడుగుల దూరములో, అది చెడినది. ఆ నూరడుగులకు కాపరులము మేము.

వాచ్‌మన్‌ను వెంటబెట్టుకొని మేడమీది ట్యాంకు చూడబోతిమి. మూత సగము విరిగి యుండెను. పావురములు లోపలి అంచున కూర్చుండి మమ్ములను చూచి ఎగిరినవి. అడుగున మూడంగుళముల బురద. ఎప్పుడు కడిగించితిరని లెక్కల పుస్తకములో వెదకగా రెండు సంవత్సరముల వరకు రసీదు దొరకలేదు. క్యానువాని రసీదులు మాత్రము ప్రతినెల ఐదవ తేదీన తప్పక కనబడినవి. ఉపాధ్యాయుల గదికి క్యాను వచ్చుట మొదలై నాలుగేండ్లు. ఆ నాలుగేండ్లలో మాలో ఒక్కరును పెరటి కుళాయి నీరు త్రాగలేదు. త్రాగియుండిన యెడల ఆ రుచియే మమ్ములను మేడ యెక్కించి యుండును. నీటి పాఠము చెప్పు మేమే ప్రతిదినమును ఆ కుళాయి ముందునుండి నడచి పోయి, మా గదిలో క్యాను నీరు త్రాగి, తరగతికి వచ్చి జాన్ స్నో కథ చెప్పితిమి. కామెర్లు ఆ ట్యాంకువలననే వచ్చినవని రుజువు లేదు. కావని చెప్పుటకు మాకు నోరును లేదు.

అప్పుడు తలిదండ్రుల సంఘపు తీర్మానములోని కడపటి వాక్యము మమ్ములను ఏల బాధించినదో మాకే స్పష్టమైనది. మా తాతగారు ఊరి మంచినీటి చెరువు గట్టున కుండతో నిలువబడి, ఎవరైన దయతలచి పోయువరకు కాచుకొనియుండెడివారట. చెరువులో కుండ ముంచు హక్కు వారికి లేదు. 1927 మార్చి 20 వ తేదీన అంబేడ్కరుగారు మహాడ్ చెరువులో దిగి దోసిట నీరు త్రాగిన సంగతి మీ చరిత్ర పుస్తకములో ఒక పంక్తి. మా యింట అది ఒక పంక్తి కాదు. ఈ పాఠశాల ఆవరణలోని పాత బావి అందరు తోడుకొనుటకు త్రవ్వినదని పెద్దలు చెప్పుదురు. అట్టి ఆవరణలో రుసుము కట్టినవానికి ఒక నీరు, కట్టలేనివానికి ఒక నీరు! రంగు మారినను అది మా తాతగారి గట్టే.

ఈ మాటను తలిదండ్రుల సభలో చెప్పితిమి. కొందరికి కష్టము తోచినది. ఒక తండ్రి లేచి, "మా పిల్లవాడికి మంచినీళ్లు కొని యిచ్చుకోవడం కూడా తప్పేనా, మాస్టారూ?" అనిరి. తప్పు కాదంటిమి. ఆ ముప్పది రూపాయలతో తమ కుమారునికి మాత్రము మంచినీరు వచ్చును. తమ వంటి మాటకారి తండ్రి ఆ కుళాయిని అడుగుట మానివేయును. అప్పుడు ఆ కుళాయిని ఎవరు అడుగుదురంటిమి. ఆయన కూర్చుండిరి గాని ఒప్పుకొనలేదు. మరునాడు ఉదయము మాత్రము ట్యాంకు కడుగువారిని వెంటబెట్టుకొని వచ్చిరి!

ట్యాంకు కడిగించి, క్రొత్త మూత వేయించి, పావురములు చొరకుండ వల కట్టించుటకు అయిన ఖర్చు నాలుగు వేల ఎనిమిది వందల రూపాయలు. ఉపాధ్యాయుల గది క్యానులకు సంవత్సరమునకు దీనికి రెట్టింపునకు పైగా ఇచ్చుచుంటిమి. అక్టోబరు నెలనుండి ఆ క్యాను మానివేసితిమి. మొదటి వారము ఇద్దరు ముగ్గురు సహోపాధ్యాయులు ఇంటినుండి చెంబులు తెచ్చుకొనిరి. వారిని మేము ఏమియు అనలేదు. కడిగిన తేదీని గోడమీద రంగుతో వ్రాయించితిమి. ప్రతినెల మొదటి సోమవారమున తొమ్మిదవ తరగతివారు క్లోరిన్ చుక్కల పరీక్షయు, నల్లసీసా పరీక్షయు చేసి ఒక పుస్తకములో వ్రాయుచున్నారు. పుస్తకము పెరటి కుళాయి ప్రక్కనే మేకునకు వ్రేలాడుచుండును, ఎవరైనను చూడవచ్చును. వెనుక బల్ల బాలిక ఏడవ తరగతియే యైనను ఆ పుస్తకమును వ్రాయువారిలో ఆమెను చేర్చుకొంటిమి.

నవంబరు, డిసెంబరు, జనవరి నెలలలో పెరటి సీసా తేటగనే యుండెను. ఈ వ్యాసమును అచ్చునకు పంపవలసిన ఈ ఫిబ్రవరి మొదటి వారమున పెరటి సీసా అడుగున లేతనలుపు కనబడినది. వీథి గుమ్మపు సీసా మాత్రము తేటగనే యున్నది. మేము ఈ పంక్తి వ్రాయుచుండగనే ఇద్దరు బాలురు ఆ బాలికతో కూడ వచ్చి, నిచ్చెన తాళపుచెవి యడిగి, వాచ్‌మన్‌ను పిలుచుకొని వచ్చుటకు పోయిరి.